రెండు తలుపుల మధ్య గది

జనవరి 12

ఇల్లు కొనేవాళ్ళు చూసినవన్నీ రాసుకోవాలట. లేకపోతే నాలుగో ఇల్లు చూసేసరికి మొదటి ఇంటి వంటగది తీసుకెళ్ళి రెండో ఇంటికి అతికించేస్తామట. బ్రోకర్ కొండలరావు చెప్పాడు. అతను చెప్పినవాటిలో నేను నమ్మింది ఇదొక్కటే, అందుకే రాస్తున్నాను.

ఇప్పటికి మూడు కాలనీలు చూశాం. మొదటిది సముద్రం మీద తేలే కాలనీ. ఇళ్ళు బాగున్నాయి, మనుషులు మర్యాదగానే ఉన్నారు. మా అమ్మాయి పైడి అరగంటలో మూడుసార్లు వాంతి చేసుకుంది. "వారం రోజుల్లో అలవాటైపోద్దమ్మా" అన్నాడు కొండలరావు. ఆ వారం రోజులూ బకెట్టు పట్టుకుని ఎవరు కూర్చుంటారో చెప్పలేదు. రెండోది, కొండవాలు మొత్తానికి గొడుగు పట్టినట్టు నీడ పరిచిన కాలనీ. చల్లగా ఉంది. గాలి మాత్రం మా పూర్ణా మార్కెట్‌లో వీచే బూడిద గాలే. ఇదేమిటయ్యా అంటే, "ఇక్కడ రేటు నీడకేనమ్మా, గాలికి కాదు" అన్నాడు.

మూడోది ప్రాణ ఎన్‌క్లేవ్. ఆనందపురం దాటాక, కొండ మీద. రెండొందల ఇళ్ళను కలిపి ఒకే పొర కింద కప్పేశారు. ఎండ వస్తుంది, బూడిద రాదు. లోపలికి పోవాలంటే రెండు తలుపులు దాటాలి. వాటి మధ్య గదిలో మూడు గంటలు కూర్చోబెట్టి, జుట్టు నుంచి కాలిగోళ్ళ దాకా యంత్రంతో కడిగించి, వాళ్ళ బట్టలిచ్చి, అప్పుడు రెండో తలుపు తీస్తారు. నేను మాస్కుల లాండ్రీలు నడిపే మనిషిని. పాతికేళ్ళుగా ఈ ఊరి ముక్కుల మసి వదిలిస్తున్నదాన్ని. నన్నే ఉతికి ఆరేస్తే కోపం రాదూ? పెళ్ళిచూపుల్లో కూడా పిల్లని ఇంతసేపు కూర్చోబెట్టరు.

ఆ కోపం రెండో తలుపు దాటేదాకే. లోపలికి అడుగుపెట్టగానే పైడి మాస్కు కోసం మెడ దగ్గర తడుముకుంది. మాస్కు లేదు. నిలబడి ఒకసారి గాలి పీల్చింది. ఇంకోసారి పీల్చింది. దానికి పదకొండేళ్ళు. పుట్టిన దగ్గర్నుంచీ దాని ఊపిరికి ఒక చప్పుడుంది, పిల్లి గురకలాంటిది. రాత్రిళ్ళు ఆ చప్పుడు వినబడుతుంటేనే నాకు నిద్ర. ఇవాళ అది వినబడలేదు. భయమేసి వీపు మీద చెయ్యివేసి చూశాను.

"ఏటమ్మా?" అంది.

"ఏం లేదులే" అన్నాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

డాక్టరు డిసెంబరులో చెప్పేశాడు. బయటి గాలిలో అయితే దీనికి ఇంకో రెండు వేసవులు. ఆ తర్వాత తన చేతుల్లో లేదన్నాడు. అందుకే ఈ ఇళ్ళ వేట. లేకపోతే పూర్ణా మార్కెట్‌లో మాకు మేడ లేకనా?

జనవరి 30

ప్రాణ ఎన్‌క్లేవ్ ఖాయం చేసుకున్నాం. మేము చేసుకోవడం కాదు, వాళ్ళు చేసుకోవాలి. అక్కడ ఇల్లు కొనాలంటే ముందు నలభై రోజులు వాళ్ళ అద్దె ఇంట్లో ఉండాలి. దానికి మండలం అని పేరు పెట్టారు, దీక్ష పట్టినట్టు. మండలం పూర్తయ్యాక కమిటీ సరే అంటేనే ఇల్లు.

మా ఆయన సింహాద్రికి ఇబ్బంది లేదు. ఆయన ఇళ్ళ ప్లాన్లు గీస్తాడు, ఎక్కడ కూర్చునైనా గీస్తాడు. నాకే లాండ్రీలు. మూడింటిలో రెండు అమ్మేశాను, మూడోది కూడా ఎవరికైనా అప్పజెప్పాలి. అప్పటిదాకా మూడు రోజులకోసారి బయటికి వెళ్ళి రావడానికి కమిటీ ఒప్పుకుంది, ప్రతిసారీ మూడు గంటల కడుగుడు షరతు మీద.

ఫిబ్రవరి 3, మొదటి రోజు

గోడకి నియమాల పలక ఉంది. పొగ కూడదు. అగరబత్తి కూడదు. హారతి కూడదు. తాలింపు కూడదు, వేపుడు కూడదు. పప్పు ఉడికించి, పైన పచ్చి నూనె పోసుకుని తిన్నాం. అది పప్పా, పథ్యమా? మా ఆయన రెండుసార్లు వడ్డించుకుని బాగుందన్నాడు. ఈయనకు ఇక్కడ బాగానే జరుగుతుంది.

రెండు తలుపుల మధ్య గదిలో సామాను కడుగుతుంటే డబ్బాల్లో ఏముందని యంత్రం అడిగింది. దినుసులు అని చెప్పాను. అందులో ఎండుమిరపకాయలూ ఉన్నాయి. నేను అబద్ధమేమీ చెప్పలేదు.

ఫిబ్రవరి 9, ఏడో రోజు

మా వరసలో ఎనిమిది ఇళ్ళు. గుర్రపునాడాలా వంపు తిరిగిన వీధి. ఒకటో నంబరు, ఎనిమిదో నంబరు ఎదురెదురుగా ఉంటాయి. మాది ఎనిమిది. ఒకటిలో వైశాలి, ఆవిడ భర్త, కూతురు మైత్రి ఉంటారు. మైత్రి ఇక్కడే పుట్టింది, పైడి కంటే ఏడాది చిన్న. ఇద్దరూ రెండో రోజుకే జట్టు కట్టేశారు.

వైశాలి మంచిదే కానీ మాటలో డబ్బు మోగుతుంది. "మేం బయటికి వెళ్ళమండీ" అంటుంది, మడి కట్టుకున్నట్టు. పోయిన నెల సొంత తమ్ముడి పెళ్ళి అయ్యిందట. ఇక్కడే తెర ముందు కూర్చుని, తెర మీదున్న పెళ్ళికొడుకు మీద అక్షింతలు వేసిందట.

"పాతిక కిలోమీటర్లు కూడా కాదు కదండీ, వెళ్ళి రాకపోయారా?" అన్నాను.

"వెళ్ళమండీ మేము" అంది మళ్ళీ. సొంత తమ్ముడి పెళ్ళికి కూడా గడప దాటని పొగరు ఎక్కడైనా ఉంటుందా?

ఇంటికొచ్చి మా ఆయనతో అంటే, "నీకెందుకే గౌరీ, ఆళ్ళ తమ్ముడు, ఆళ్ళ అక్షింతలు" అన్నాడు.

ఫిబ్రవరి 15, పదమూడో రోజు

పైడి పరిగెత్తుతోంది. వీధి ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తి, వెనక్కి తిరిగి, మళ్ళీ పరిగెత్తింది. బయట నెలకి మూడుసార్లు ఆక్సిజన్ పెట్టించే పిల్ల. ఇక్కడికి వచ్చాక ఒక్కసారి కూడా ఊపిరి అందలేదని అనలేదు.

కానీ ఇవాళ ఇంకోటి జరిగింది. నేను లాండ్రీకి బయల్దేరితే మా ఆయన సరదాగా గేటు దాకా వస్తానన్నాడు. రెండు తలుపుల మధ్య గది దాటి బయటి తలుపు తెరిచారో లేదో దగ్గు పట్టుకుంది. వంగిపోయి గోడ పట్టుకున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు. నలభై తొమ్మిదేళ్ళు ఈ గాలిలో బతికినవాడు, పదమూడు రోజులు లోపలుండేసరికి పసిపిల్లాడైపోయాడు. లోపలికి తోసి తలుపు వేయించాను.

నాకు మాత్రం ఏమీ కాలేదు. మూడు రోజులకోసారి తిరుగుతున్నందుకేనేమో.

సాయంత్రం కమిటీ అధ్యక్షుడు పద్మనాభం గారి దగ్గరికి వెళ్ళి అడిగాను. తెల్లటి మనిషి, తెల్లటి బట్టలు, గొంతు కూడా కడిగినట్టుంటుంది. "మేం దాచలేదండీ. ఒప్పందంలో ఇరవై రెండో పేజీలో ఉంది" అన్నారు. "నలభై రోజులు ఇక్కడి గాలి పీల్చాక ఊపిరితిత్తులు మెత్తబడతాయి. ఆ తర్వాత బయటి గాలికి తట్టుకోలేవు. అందుకే మండలం పెట్టాం. ఈలోపు ఎప్పుడైనా మీరు వెళ్ళిపోవచ్చు."

వైశాలిది పొగరు కాదన్నమాట. ఆవిడ వెళ్ళాలన్నా వెళ్ళలేదు. నాకు సిగ్గేసింది, రెండో నిమిషానికి భయమేసింది.

ఇంటికొచ్చి మా ఆయనకి అంతా చెప్పాను. విని ఆయన అన్నాడు, "బయట దానికి రెండు వేసవులు. ఇక్కడ నిండు నూరేళ్ళు. ఇందులో ఆలోచించడానికేటుంది?"

బతికుంటే బలుసాకు తినొచ్చంటారు. తాలింపు లేని బలుసాకైనా సరే. మూడో లాండ్రీ కూడా అమ్మేసి, మండలం చివరి పదిరోజులూ లోపలే ఉండిపోదామని నిర్ణయించుకున్నాను.

మార్చి 5, ముప్పై ఒకటో రోజు

ఇది మర్నాడు పొద్దున కూర్చుని రాస్తున్నాను. నిన్న రాసే స్థితిలో లేను.

నిన్న మధ్యాహ్నం పిల్లల ఆటల పోటీలు. పరుగు పందెంలో పైడి మొదట వచ్చింది. పోటీల మైదానంలో వందమంది నిలబడి దాన్నే చూశారు. పద్మనాభం గారు దాని భుజం మీద చెయ్యివేసి, "ఊపిరాడదని వచ్చిన పాప ఈవిడేనా?" అన్నారు. వైశాలి, "ఎంత ముద్దుగా తయారైందండీ మీ పాప, బుగ్గలు చూడండి" అంది. ఇంకొకావిడ, "నెలలోనే ఇంత మార్పా!" అని నోటి మీద చెయ్యి వేసుకుంది.

నేను దిష్టి నమ్మను. నమ్మనని ఎవరైనా అడిగితే చెప్తాను కూడా. కానీ సంజెవేళకి పైడి మంచమెక్కి కూర్చుంది. అన్నం వద్దంది. కళ్ళు వాలిపోతున్నాయి. ఒళ్ళు వెచ్చగా ఉన్నట్టు అనిపించింది. ఎండలో నాలుగుసార్లు పరిగెత్తిన పిల్ల అలిసిపోదా అని నాకు తోచలేదు. వందమంది చూపులే తోచాయి. దినుసుల డబ్బా తీశాను.

ఉప్పు, మూడు ఎండుమిరపకాయలు గుప్పిట్లో పట్టుకుని దాని చుట్టూ మూడుసార్లు తిప్పాను. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, చూసినవాళ్ళ దిష్టి, చూడనివాళ్ళ దిష్టి. పైడి నవ్వింది. "అమ్మా, ఇక్కడ కూడదు కదేటి?" అంది.

"మూడు మిరపకాయలకి ఏటవుద్దే, నోర్మూసుకో" అన్నాను.

మంట లేదు కదా, వంటగదిలో కరెంటు పొయ్యి మీద ఇనప పెనం ఎర్రగా కాల్చి అందులో వేశాను. మిరపకాయలు నల్లబడ్డాయి. పొగ లేచింది. ఘాటు రాలేదు.

ఘాటు రాలేదు. ఒక్క తుమ్ము వచ్చేటంతైనా ముక్కుకి తగల్లేదు. మిరపకాయలు కాలి ఘాటు రాకపోతే ఏమిటో మా వైపు పసిపిల్లనడిగినా చెప్తుంది. దిష్టి అంత బలంగా తగిలిందన్నమాట. ఘాటంతా దిష్టే తినేసిందన్నమాట. ఇంకో అయిదు తిప్పి వేశాను. రాలేదు. అప్పటికి నాకు నమ్మకమా, అపనమ్మకమా అన్న ప్రశ్న లేదు. నా పిల్లని ఏదో పట్టుకుంది, అది వదలడం లేదు. పిడికెడు తీశాను. పైడి చుట్టూ తిప్పుతూ ఏడ్చాను. పిడికెడూ పెనంలో పోశాను.

పొయ్యి మీదున్న గొట్టం సంగతి నా బుర్రకి రాలేదు. అది అంత బలంగా లాగుతుందని తెలియదు. పొగ పెనం మీంచి లేవగానే రవ్వంత కూడా మిగలకుండా లాగేసి వరస మొత్తానికి ఉన్న గాలి గొట్టంలోకి పంపింది. అక్కడున్న జల్లెడ బూడిదని పడుతుంది. మిరప ఘాటును పట్టాలని దానికి ఎవరూ నేర్పలేదు. శుభ్రం చేశాననుకుని ఆ గాలిని ఒకటో నంబరు నుంచి వరసగా ఇళ్ళలోకి వదిలింది. మాది ఆఖరి ఇల్లు. మా ఇంటికి ఆఖరున వస్తుంది.

ముందు దగ్గులు వినబడ్డాయి. తర్వాత ఏదో పగిలింది. పైడి కిటికీలోంచి చూసి, "అమ్మా, మైత్రి పడిపోయింది!" అని కేక పెట్టింది. నేను చూసేలోపే తువ్వాలు తడిపి మూతికి కట్టేసుకుంది. స్కూల్లో పొగ రోజుల కోసం నేర్పిన కట్టు. నేల మీద వంగి, గోడ వెంబడి, చిన్న చిన్న ఊపిరి తీస్తూ ఎదురింట్లోకి దూరిపోయింది. నేను దాని వెనకే పరిగెత్తాను.

ఆ ఇళ్ళలో మనుషులు ఎలా పడి ఉన్నారో ఇంకెప్పుడూ రాయను. అది నా వంటింటి మిరపకాయల పొగ. మేం కారం దంచుకునే రోజు ఇంతకన్నా ఎక్కువే పీలుస్తాం, రెండు తుమ్ములు తుమ్మి టీ తాగుతాం. వీళ్ళకి పెదాలు నీలంగా మారాయి. పడిపోయినవాళ్ళని ఎత్తుకెళ్ళాల్సిన యంత్రాలు గుమ్మం మెట్లు ఎక్కలేక కింద తిరుగుతున్నాయి. పైడి మైత్రిని చంకల కింద పట్టుకుని ఈడ్చుకుంటూ వీధిలోకి తెచ్చింది. నేను వైశాలినీ, ఆవిడ భర్తనూ, తర్వాత పక్కిళ్ళలోంచి ఇంకో ముగ్గుర్నీ లాగాను. అందరి తర్వాత మా ఇంటికొస్తే మా ఆయన నేల మీద దగ్గుతూ పాకుతున్నాడు.

ఎవరూ చనిపోలేదు. మైత్రి మాత్రం కాలనీ ఆసుపత్రి వార్డులో ఉంది, గొంతులో గొట్టంతో. పైడికి వచ్చిన ఆయాసం తెల్లారేదాకా తగ్గలేదు. పిల్లి గురక మళ్ళీ వినబడింది.

మార్చి 6

కాలనీ అంతటా తెరల మీద ఒకటే బొమ్మ. తువ్వాలు కట్టుకుని మైత్రిని ఈడ్చుకొస్తున్న పైడి. కింద పువ్వులు పెట్టారు.

"పద్మనాభం గారి దగ్గరికి వెళ్ళి చెప్పేస్తాను" అన్నాను.

మా ఆయన లేచి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "నువ్వు నోరు మూసుకో గౌరీ. పిల్ల ఊపిరి నీ నోట్లో ఉంది. తెరిచావంటే పోద్ది."

"వైశాలి కూతురు గొట్టంతో ఉంది."

"మన కూతురికి రెండు వేసవులే ఉన్నాయి. నీకు తెల్దేటి?"

పైడి మంచం మీంచి, "నాన్నా, నేను ఎవరికీ చెప్పలేదు. మైత్రీ వాళ్ళ నాన్న అడిగినా చెప్పలేదు" అంది. మెచ్చుకుంటామని చూసింది. ఆ చూపు చూశాక ఇంక దాచలేననిపించింది. పదకొండేళ్ళ పిల్ల నా తప్పు దాచి, నా మెప్పు కోసం చూస్తోంది.

మార్చి 8

ముందు వార్డుకి వెళ్ళాను. వైశాలి గాజు కిటికీ బయట కూర్చుని ఉంది. నిలబడే చెప్పాను. మిరపకాయలు, దిష్టి, పెనం, గొట్టం, అన్నీ చెప్పాను. ఆవిడ నావైపు తిరగలేదు.

"పొద్దున గొట్టం తీశారు. మొదట మీ పాప పేరే పలికింది" అంది. గొంతు బొంగురుగా ఉంది. "అందుకని మిమ్మల్ని ఏమీ అనను. కానీ ఇల్లు తగలబడితే తప్ప నా గుమ్మం ఎక్కకండి."

అక్కడి నుంచి పద్మనాభం గారింటికి వెళ్ళాను. సామాను సర్దుకోవడానికి ఎన్ని రోజులిస్తారో అడగడానికే వెళ్ళాను. నేను మొదలుపెట్టకముందే ఆయన చెయ్యి ఎత్తారు.

"తెలుసండీ. ఏ పొయ్యి మీంచి ఎంత పొగ వచ్చిందో ఆ రాత్రే తెలిసింది. కమిటీలో నలుగురికి తెలుసు. మిమ్మల్ని పంపించే ఉద్దేశం లేదు."

నాకు అర్థం కాలేదు. నమ్మలేదు కూడా.

"మా దగ్గర యంత్రాలున్నాయి. కావలసినంత డబ్బుంది. పొగలో నడిచే మనిషి ఒక్కరూ లేరని మొన్న తెలిసింది. రేపు ఇక్కడ నిజంగా నిప్పంటుకుంటే రెండొందల ఇళ్ళూ పోతాయి. బయట నుంచి సాయం రావాలంటే ఇరవై కిలోమీటర్లు." ఆయన నీళ్ళు తాగారు. "ఇంతకుముందు జీతానికి మనుషుల్ని పెట్టాం. కొందరు లోపలే ఉండి ఉండి మెత్తబడిపోయారు. కొందరు పారిపోయారు. మీ అమ్మాయి ధైర్యం చూశాం. మండలం అక్కర్లేదు, ఇల్లు ఇప్పుడే రాసిస్తాం. ఒకటే కోరిక. పాప రోజు మార్చి రోజు బయట ఉండాలి. ఆ ఊపిరితిత్తులు గట్టిగా ఉండాలి."

నాకు ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది.

"బాబూ, ఆ గాలి పడకే కదా దాన్ని ఎత్తుకుని మీ దగ్గరికొచ్చాను. దాని ఊపిరితిత్తులు గట్టివని మీకెవరు చెప్పారు? దాని బుర్ర గట్టిది. తడిగుడ్డ కట్టుకోవడం తెలుసు, వంగి నడవడం తెలుసు, అంతే. ఆ రాత్రంతా ఆయాసంతో కూర్చుంది. మీ తెర మీద ఆ బొమ్మ వెయ్యలేదు."

"ఆ పాప కాకపోతే మాకింకెవరూ..."

"ఆ సాయంత్రం అది ఒక్కర్ని లాగింది. నేను అయిదుగుర్ని లాగాను. నా బొమ్మ వెయ్యలేదేం? పువ్వులు పెట్టేటంత అందంగా లేననా?"

ఆయన మాట్లాడలేదు.

చేపల బజారులో పెరిగినదాన్ని. ఎదుటివాడు నోరు మూశాడంటే బేరం మొదలైనట్టు. ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పాతికేళ్ళు ఈ ఊరి మసి పీల్చిన ఊపిరితిత్తులు నావి. మూడు రోజులకోసారి బయటికెళ్ళి వస్తున్నాను కనక ఇంకా మెత్తబడలేదు. నన్ను పెట్టుకోండి. పైడి లోపలే ఉంటుంది, దాని నాన్నతో, ఒక్కరోజు కూడా బయటికి రాకుండా. నేను ఆ రెండు తలుపుల మధ్య గదిలో ఉంటాను. పగలు ఇంకా అమ్మని మూడో లాండ్రీలో పని, రాత్రి ఆ గదిలో పడక. గంట మోగితే కడుగుళ్ళూ గిడుగుళ్ళూ లేకుండా నేరుగా లోపలికి పరిగెత్తుతాను.

"మీరూ పారిపోరని ఏమిటి నమ్మకం?" అన్నారు.

"జీతగాడు పారిపోతాడండీ. పిల్ల లోపలుంటే తల్లి ఎక్కడికి పోద్ది?"

ఆ మాట నా నోటితోనే అన్నాను. పిల్లని తాకట్టు పెడుతున్నానని తెలిసే అన్నాను. ఆయన ముఖంలో నిజంగా సంతోషం కనిపించింది. ఇంకొక్కటి కూడా అడిగాను. ఆ పొగ నా ఇంటిదేనని వీధి మొత్తానికీ నేనే చెప్పుకుంటాను, ఆపకూడదని. అది మీ ఇష్టం అన్నారు.

మార్చి 11

ఆరు ఇళ్ళ గుమ్మాల్లో నిలబడి చెప్పాను. ఒకరు తలుపు వేసేశారు. ఒకాయన తిట్టారు. ఒక ముసలావిడ, "మా అమ్మ కూడా అలాగే తీసేదమ్మా" అని కళ్ళు తుడుచుకుంది. వైశాలి ఇంటి ముందు ఆగలేదు.

మా ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఇవాళ పక్కబట్టలు చుడుతుంటే వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "నేనుంటాను ఆ గదిలో, నువ్వు లోపలుండు" అన్నాడు. బయటి తలుపు తీస్తే గోడ పట్టుకున్న మనిషి. ఏడ్చినా నవ్వినా ఒకటేలా ఉంది.

పైడికి కోపం వచ్చింది. అందరి కోపాలూ తట్టుకున్నాను కానీ ఇది తట్టుకోలేకపోయాను.

"నన్నడగలేదేటి?" అంది. "రోజు మార్చి రోజు నేను బయటుండేదాన్ని. నీ దగ్గరే ఉండేదాన్ని. నాకు ఆయాసమొస్తే రానీ. నేనడిగానా ఇల్లు కావాలని?"

"అడగలేదమ్మా."

"మరి?"

దాని తల నా కడుపుకి ఆనించుకున్నాను. తోసేసింది. మళ్ళీ తనే వచ్చింది.

మార్చి 14, నలభయ్యో రోజు

ఈ రోజుతో మండలం పూర్తి. ఇల్లు పైడి పేరు మీద, సింహాద్రి పేరు మీద రాశారు. నేను గదిలోంచి అద్దం గుండా చూశాను. ఇంకెప్పుడూ ఇవతలికి రాలేరు ఇద్దరూ. పద్మనాభం గారు వచ్చి నాకు నమస్కారం పెట్టి వెళ్ళారు.

గదిలో మంచం, గంట, ఒక కొక్కెం ఉన్నాయి. కొక్కేనికి తువ్వాలు తగిలించాను.

జూన్ 21

మూడు నెలలు దాటింది. రెండుసార్లు గంట మోగింది. ఒకసారి ఎవరిదో బ్యాటరీ కాలింది, ఒకసారి ఉత్తినే. మైత్రి గొంతు ఇంకా బొంగురుగానే ఉందట. గంట మోగినప్పుడు వీధిలో ఎదురైతే వైశాలి తల తిప్పుకుంది, నేను రోడ్డు మారాను.

మూడు నెలలు నిండాక ఇప్పుడే ఆదివారాలు నాకు లోపలికి అనుమతి ఇచ్చారు. మూడు గంటల కడుగుడు, రెండు గంటల ములాఖత్తు. అంతకంటే ఎక్కువసేపుంటే నా ఊపిరితిత్తులు మెత్తబడతాయని లెక్కగట్టారు.

ఇవాళ మొదటి ఆదివారం. కడుగుడు అయింది, యంత్రం అన్ని దీపాలూ పచ్చగా చూపించింది. రెండో తలుపు తెరుచుకునేసరికి పైడి అక్కడే ఉంది. బారెడు పొడుగైంది. పరిగెత్తుకొచ్చి రెండు చేతులూ నడుం చుట్టూ వేసి, ముఖం నా మెడ కింద పెట్టింది. దాని ఊపిరిలో ఏ చప్పుడూ లేదు. నెలల తరబడి లేదట, వాళ్ళ నాన్న చెప్పాడు. ఆ వినబడకపోవడాన్నే వింటూ నిలబడ్డాను.

అప్పుడు దగ్గింది.

ఒకసారి అనుకున్నాను. ఇంకోసారి దగ్గింది. మూడోసారికి భుజాలు ఊగిపోయాయి. చేతులు మాత్రం వదల్లేదు. "ఏం లేదమ్మా, ఏం లేదు" అంటూ దగ్గుతూనే ఉంది. సింహాద్రి అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు.

దాని చేతులు నేనే విడిపించాను. వెళ్ళి బల్లకి ఆ చివర కూర్చున్నాను. అది ఈ చివర కూర్చుంది. రెండు గంటలూ అలాగే మాట్లాడుకున్నాం. లెక్కల్లో ఫస్టు వచ్చిందట. మైత్రి దగ్గర ఈత నేర్చుకుంటోందట. గాలి నా వైపు నుంచి దాని వైపు వీస్తోందని గమనించి నేను చోటు మారాను.

లేచేటప్పుడు ముందే ఆలోచించి పెట్టుకున్నట్టు అంది, "అమ్మా, వచ్చే ఆదివారం ఇంకో గంట ఎక్కువ కడిగించుకుని రా. అప్పుడు పట్టుకోవచ్చు."

యంత్రం చర్మాన్ని కడుగుతుంది, జుట్టును కడుగుతుంది. మసి ఉన్నది నా ఊపిరిలో. నాలుగు గంటలు కాదు, నలభై గంటలు కూర్చున్నా అది పోదు. పోకూడదనే నన్ను ఇక్కడ పెట్టుకున్నారు. అదేమీ దానికి చెప్పలేదు.

"అలాగేనమ్మా" అన్నాను.